ఆ మాట మొదట అన్నదెవరు

విశాఖపట్నం,
11 అక్టోబరు 1986, శనివారం.

ప్రియమైన బావ పోలిరాజుకి,

శ్రీరామ్మూర్తి నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, గౌరీశ్వరీ, పిల్లలిద్దరూ కులాసా. అక్కడ నువ్వూ, మా చెల్లెమ్మా, పిల్లలూ, మీ మేనమామ పైడయ్య గారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. తలచడమేమిటి, మొన్న కళ్ళారా చూసే వచ్చాను. ఒకే ఊళ్ళో మూడు మైళ్ళ దూరంలో ఉన్న మనిషికి స్టాంపు అంటించి ఉత్తరం రాయడమేమిటని పోస్టుమాన్ నవ్వుకుంటాడేమో, నవ్వుకోనీ. పన్నెండేళ్ళుగా ఆ మూడు మైళ్ళూ నడవలేకపోయిన కాళ్ళు నావి. ఒకప్పుడు ఇవే కాళ్ళతో ఎర్రటెండలో ఐదు సెట్లు ఆడేవాడినంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. నా పొట్ట వంక చూసి, పోనీలే పాపం అన్నట్టు తల ఊపుతారు.

మంగళవారం పొద్దున్న ఆరున్నరకి ఫిషింగ్ హార్బర్‌లో మీ పడవ ఎదురుగా తెల్ల చొక్కా వేసుకుని, ఆ తడిలో ఎక్కడ అడుగెయ్యాలో తెలియక తంటాలు పడ్డ మనిషిని నేనే. నువ్వు చూశావు. అప్పటికి వేలం సగం అయిపోయింది. ఐసు పెట్టెలు ఎక్కిస్తున్నారు. ఆ అరుపుల్లో నా మాట నాకే వినబడటం లేదు. నువ్వు పడవ అంచున నిలబడి ఒడ్డు మీది మనిషికి తాడు విసిరావు. ఎడమ చెయ్యి పైకి లేచింది, కుడి భుజం వెనక్కి వెళ్ళింది, నడుం తిరిగింది. బావా, అది నీ సర్వీసే. పన్నెండేళ్ళయినా అందులో వెంట్రుకవాసి తేడా లేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకు దాచుకోవాలి? ‘బావా’ అని గట్టిగా పిలిచాను. నువ్వు చేతులు తుడుచుకుని పడవ లోపలికి వెళ్ళిపోయావు.

పైడయ్య గారు ఒడ్డునే వల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చూపు సరిగా ఆనడం లేదట. ‘కళ్ళతో పనేటి బాబూ, ఏళ్ళే సూసుకుంటాయి’ అన్నారు. నేను వచ్చిన పని చెప్పాను. ఆయన వల పక్కన పెట్టి, లేచి పడవలోకి వెళ్ళి నీతో మాట్లాడి, చాలాసేపటికి తిరిగొచ్చారు. ‘ఆడు రాడు బాబూ. నీతో మాటాడడంట. ఒక్కటే అడగమన్నాడు. ఆ మాట ముందల ఎవులన్నారో కాయితమ్మీద రాసి పంపమన్నాడు. అది సదువుకున్నాక వత్తాడో రాడో ఆడిష్టం’ అన్నారు. ‘ఏ మాట?’ అని అడిగాను నేను. సిగ్గులేకుండా అడిగాను. ఆయన నా మొహంలోకి చూసి, ఆనని ఆ కళ్ళతోనే చూసి, ‘నాకు సెప్పనేదు బాబూ, నీకు తెలుసంట’ అన్నారు.

అందుకే ఈ ఉత్తరం. నాలుగు రోజుల నుంచి రాస్తున్నాను, చించేస్తున్నాను. ముందు నేను వచ్చిన పని నీకు తిన్నగా చెప్పాలి. పైడయ్య గారు సగమే చెప్పి ఉంటారు.

ఉక్కు ఫ్యాక్టరీ వైపు కొత్తగా కడుతున్న క్వార్టర్ల దగ్గర ఒక క్లబ్బు పెడుతున్నారు. రెండు టెన్నిస్ కోర్టులు వేశారు. నలభై మంది పిల్లలు పేర్లిచ్చారు. నేర్పడానికి మనిషి కావాలి. నెలజీతం, ఉండటానికి రెండు గదుల ఇల్లు. మనిషిని ఎంచడానికి ముగ్గురితో ఒక కమిటీ వేశారు. ఒకాయన ఆ క్లబ్బు ఇంజనీరు, ఆయనకి టెన్నిస్ గురించి ఏమీ తెలియదు, ఆ సంగతి ఆయనే చెబుతాడు, మంచివాడు. రెండోవాడు సన్యాసిరాజు, మన కాలేజీ జట్టు కెప్టెన్, ఇప్పుడు కంట్రాక్టులు చేస్తున్నాడు. మూడోవాణ్ణి నేను, మాజీ ఆటగాణ్ణి కదా. నేను నీ పేరు చెప్పాను. ఈ ఊళ్ళో బంతిని చేతిమీద నిద్రపుచ్చగల మనిషి ఒక్కడే ఉన్నాడు, వాడు హార్బర్‌లో పడవ నడుపుతున్నాడు అన్నాను. ఇంజనీరు సంతోషించాడు. సన్యాసిరాజు టీ గ్లాసు కింద పెట్టి, ‘ఎవడు, మద్రాసులో మ్యాచి అమ్ముకున్నోడా? ఆడు పిల్లలకేటి నేర్పుతాడు?’ అన్నాడు. వాడికి నీమీద కోపం లేదు బావా. వాడు అది నిజమనే నమ్ముతున్నాడు. ‘నిప్పు లేందే పొగ రాదు గదా’ అన్నాడు కూడా. ఇంజనీరు నావైపు తిరిగి ఇది నిజమేనా అని అడిగాడు. అది పాత సంగతండీ అన్నాను. అంతే అన్నాను. ఆ తర్వాత నా టీ నేను తాగాను.

ఇరవయ్యో తారీకు సోమవారం కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. ఆరోజు నీ పేరు ఉంచుతారు, లేకపోతే కొట్టేస్తారు. కొట్టేస్తే ఈ ఊళ్ళో నీ మీద పడ్డ ఆ మచ్చ ఇక ఎప్పటికీ చెరగదు, అది నాకు తెలుసు.

మనం మొదట కలిసిన రోజు నీకు గుర్తుందో లేదో. పైడయ్య గారు ఏటా వానాకాలం వెళ్ళాక కాలేజీ కోర్టులో నెట్టు బాగుచెయ్యడానికి వచ్చేవారు. చేపల వల కుట్టే సూదితోనే టెన్నిస్ నెట్టు చిరుగులు కుట్టేవారు. ఒక ఏడు నువ్వూ వెంట వచ్చావు, అప్పటికే ఇంటర్మీడియెట్ చదువుతున్నావు. ఎలమంచిలి దగ్గర చెరకు తోటల్లోంచి వచ్చిన నాకు అప్పటికి రాకెట్ పట్టుకోవడం వచ్చి రెండు నెలలు. ఆ రెండు నెలలకే కాళ్ళు నేలమీద ఆనేవి కావు. నీ చేతికి రాకెట్ ఇచ్చి, కొట్టు చూద్దాం అన్నాను, నలుగురిలో నవ్వులపాలు చేద్దామని. నువ్వు నాలుగు బంతులు నెట్టుకి కొట్టావు. ఐదోది నా పక్కనించి వెళ్ళింది, నేను కదల్లేదు. ‘ఇలాగేనా బావా?’ అని అడిగావు. ఆ రోజు మొదలు నువ్వు నాకు బావ అయిపోయావు.

ఆ తర్వాత నాలుగేళ్ళు మనం ఎట్లా ఆడామో నేను రాయక్కర్లేదు. పేడతో అలికిన ఆ కోర్టు మీద పొద్దున్నే సున్నం గీతలు మనమే వేసుకునేవాళ్ళం. నువ్వు నెట్టు దగ్గర, నేను వెనక. వెనక్కి తిరిగి చూడకుండానే నేను ఎక్కడున్నానో నీకు తెలిసేది. మన వ్యాయామ మాష్టారు అప్పలసూరి గారు, వీళ్ళిద్దరూ ఒకే తల్లికి పుట్టాల్సినోళ్ళు, దారితప్పి వేరేవేరే ఇళ్ళల్లో పడ్డారు అనేవారు.

ఇక మద్రాసు. 1974 డిసెంబరు, కాలేజీల పోటీ, డబుల్స్ సెమీఫైనల్. మనం ఫైనల్‌కి చేరితే ఇద్దరినీ జట్టులోకి తీసుకుని ఉద్యోగాలిస్తామని మన ఊరి షిప్పింగ్ కంపెనీ ఒకటి మాష్టారికి మాటిచ్చింది. నీకు ఆ ఉద్యోగం అంటే పడవ మానెయ్యడం. నాకు అంటే మా నాన్న ముందు మగాడిలా నిలబడటం, ఆటలు కూడు పెడతాయా అని పొద్దస్తమానం దెప్పే మనిషి ముందు. ఇద్దరికీ అంతే కావాలి.

ఆ పోటీలో ఫైనల్‌కి తప్ప అంపైరు లేడు. ఎవరి వైపు పడ్డ బంతి సంగతి వాళ్ళే చెప్పాలి. లోపలో, ఔటో, వాళ్ళ నోటితోనే తేలాలి. జోడీలో ఒకడు ఔటనీ ఒకడు లోపలనీ అంటే పాయింటు అవతలి వాళ్ళది. కాలేజీ కుర్రాళ్ళ పోటీల్లో ఆ ఆనవాయితీ ఎవరూ తప్పేవాళ్ళు కాదు. తప్పేవాళ్ళు కాదంటే, తమ జోడీ ఔటన్నాక రెండోవాడు నోరు మూసుకునేవాడు. మనుషులు చేసిన ధర్మం అంతవరకే.

మూడో సెట్టులో మనం ఓటమి అంచున ఉన్నాం. వాళ్ళకి ఒక్క పాయింటు చాలు. వాళ్ళు నీ తలమీదనించి బంతి ఎత్తుగా లేపారు. ఇద్దరం వెనక్కి పరిగెత్తాం. వెనక గీత దగ్గర, మనిద్దరి కళ్ళ ముందే పడింది. నేను వేలు ఎత్తి ‘ఔట్’ అని అరిచాను. నువ్వు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎగరోజుతూ, ‘లోపలే బావా. సున్నమ్మీద పడ్డాది’ అన్నావు. మెల్లగానే అన్నావు. నాతోనే అన్నావు. కానీ అవతలి వాళ్ళు విన్నారు.

పన్నెండేళ్ళ తర్వాత మొదటిసారి రాస్తున్నాను, చదువుకో. బంతి లోపలే. సున్నం ఎగరడం నేనూ చూశాను. చూసే వేలెత్తాను. నా కళ్ళు మసకబారలేదు, ఎండ అడ్డం రాలేదు. నువ్వు చూసింది నేనూ చూశాను. ఈ మాట కమిటీకి కూడా రాసి సంతకం పెడతాను.

ఇది రాశాక చెయ్యి కాస్త తేలికైంది. ఇంక నా ఆట సంగతి రాస్తాను, ఎందుకంటే నువ్వు పేపర్లలో చదివి ఉంటావు, చదివి అదృష్టవంతుడు అనుకుని ఉంటావు.

నేను సింగిల్స్‌లో కూడా కాస్త పైదాకా వెళ్ళాను కనక, పైగా జోడీ చేతిలో దగాపడ్డ కుర్రాడని జాలిపడి కంపెనీ వాళ్ళు నన్ను ఒక్కణ్ణే తీసుకున్నారు. నువ్వు పరీక్షలకి కూడా రాలేదు. రెండేళ్ళకి నేను సెలవు పెట్టి ప్రొఫెషనల్ టోర్నమెంట్లకి దిగాను. హైదరాబాదు, కలకత్తా, ఢిల్లీ, కొలంబో. రైల్లో పడక, ఎవరింట్లోనో భోజనం, మొదటి రౌండులో ఓడిపోతే సాయంత్రానికి మళ్ళీ రైలు. ఒక ఏడు దేశంలో పద్నాలుగో స్థానం దాకా వెళ్ళాను. మా ఊళ్ళో నాకు దండ వేశారు. మా నాన్న ఆ దండ వాడిపోయినా మూడు రోజులు తియ్యనివ్వలేదు.

మొదటిసారి హైదరాబాదులో జరిగింది. చిన్న రౌండ్లలో అక్కడా గీతలు మనమే చెప్పుకోవాలి. అవతలివాడు కొట్టిన బంతి జానెడు బయట పడింది. నేను వేలెత్తబోతుంటే వెనకనించి ‘లోపలే బావా’ అని వినిపించింది. వెనక్కి తిరిగాను. గుడ్డ తెర తప్ప ఏమీ లేదు. సింగిల్స్ కదా, నా పక్కన మనిషెక్కడ? వేలు దించేసి పాయింటు వాడికిచ్చాను. వాడే సిగ్గుపడ్డాడు.

ఆ తర్వాత అది నన్ను వదల్లేదు. ప్రతి కోర్టులో కాదు, ప్రతి బంతికీ కాదు. అట్లా అయితే అలవాటు పడేవాడిని. నాలుగు ఆటలు బాగా ఆడి, ఇవాళ రాలేదు అని ఊపిరి పీల్చుకున్నాక వచ్చేది. అదే గొంతు, అదే ఎగరోజు. కలకత్తాలో గడ్డి కోర్టు మీద మూరెడు బయట పడ్డ బంతిని లోపల అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఈ ఆంధ్రా కుర్రాడు ఎంత పెద్దమనిషో అని పేపర్లో రాశారు. 1979లో మద్రాసులో, అదే ఆవరణలో, ఆ ఏటి మర్యాదస్తుడైన ఆటగాడని నాకు వెండి కప్పు ఇచ్చారు. బావా, ఆ కప్పు అందుకుంటూ వేదిక మీద నాకు నవ్వు ఆగలేదు. సంతోషం అనుకున్నారు. దొంగకి తాళాలిచ్చినట్టుంది నా సంగతి. గౌరీశ్వరి ఆ కప్పులో ఇప్పుడు పిన్నీసులు వేసుకుంటోంది.

అన్ని పాయింట్లు చేజేతులా ఇచ్చుకుంటూ పోతే ఎవడు గెలుస్తాడు? పద్నాలుగు నుంచి ముప్పై, ముప్పై నుంచి అరవై అయ్యాను. నా ముంజేతిలో బలం తగ్గిందన్నారు, మోకాలన్నారు, పెళ్ళన్నారు. నేను అన్నిటికీ అవుననేవాడిని.

చివరి మ్యాచి 1981లో, బెంగుళూరులో. మూడో సెట్టులో నేనే ముందున్నాను. ఆ రోజు నా చెయ్యి దేవుడిచ్చినట్టు ఆడుతోంది. అవతలివాడి బంతి పక్క గీతకి బాగా బయట పడింది. మళ్ళీ అదే మాట. ఈసారి నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక్కి తిరిగి, ‘నోర్ముయ్యి బావా, నీకేటి కావాలి?’ అని అరిచాను. అవతలివాడు తెలుగువాడే, తననే తిట్టానని రిఫరీతో చెప్పాడు. రిఫరీ వచ్చి ఎవరితో మాట్లాడుతున్నారని అడిగాడు. సామాన్లు సర్దుకుని బయటికి వచ్చేశాను. ఆ తర్వాత రాకెట్ పట్టుకోలేదు. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకులో నా చూపుడువేలు లేస్తుందట. గౌరీశ్వరి అది చూసి మొదట్లో భయపడేది, తర్వాత ఒకసారి వేలు పట్టుకుని మెల్లగా ముడిచిందట. ఎవరిని బెదిరిస్తావయ్యా నిద్రలో అని అడిగింది. పీడకలేమో అన్నాను.

చచ్చినవాళ్ళు దయ్యాలై పట్టుకోవడం ఊళ్ళో చూశాం. మూడు మైళ్ళ దూరంలో హాయిగా సముద్రం మీద తిరుగుతున్న మనిషి పట్టుకోవడం ఎక్కడా వినలేదు. ఏ భూతవైద్యుడి దగ్గరికి వెళ్ళను?

సరే, నువ్వు అడిగిన మాటకి వస్తాను. ఎంత తిప్పినా అక్కడికి రాక తప్పదు.

మద్రాసునుంచి మెయిల్లో ఏడుగురం తిరిగొచ్చాం. బండి ఎక్కింది మొదలు నీతో ఎవరూ మాట్లాడలేదు. నువ్వు తెల్లవారినప్పటినుంచీ తలుపు దగ్గరే నిలబడ్డావు. బెజవాడ దాకా ఏడుపు మొహాలు తప్ప ఏమీ లేవు. ఎలమంచిలి దాటేసరికి అందరి నోళ్ళలో ఒకటే మాట. అవతలి కాలేజీ మేనేజరు వాడికి వాళ్ళ ఊళ్ళో బ్యాంకు ఉద్యోగం చూపిస్తానన్నాడట, అందుకే ఇచ్చేశాడట, మ్యాచి అయ్యాక వాడి భుజమ్మీద చెయ్యేసి మాట్లాడటం మనవాళ్ళు చూశారట. విశాఖపట్నం స్టేషన్లో దిగేసరికి ‘అట’లు రాలిపోయాయి. వారం తిరిగేసరికి మీ వీధికి కూడా చేరింది. సదువుకున్నోడు ఊరి పరువు అమ్మేసాడని మీ నాన్నగారితో మొహమ్మీదే అన్నారని విన్నాను. ఆ ఉద్యోగం నీకు ఎవరూ ఇవ్వలేదు కదా, మరి అమ్మిందేమిటి అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. అడిగితే, బేరం కుదిరి ఉండదు అనేవాళ్ళు.

ఎవరన్నారంటే ఏం చెప్పను? తిలా పాపం తలా పిడికెడు. సన్యాసిరాజు అన్నాడు, నేను విన్నాను. మిగిలినవాళ్ళూ అన్నారు. నేనూ కాదనలేదు, అది నా పిడికెడు, దాన్ని నేను మోస్తాను. కానీ నువ్వు అడిగింది మొదట ఎవరని. బాగా గుర్తు చేసుకున్నాను. మొదట అన్నది మన అప్పలసూరి మాష్టారు. ఆయన మనసులో చెడ్డ లేదు. కంపెనీ వాళ్ళకి మాటిచ్చిన మనిషి, తల ఎత్తుకోలేక ఏదో ఒక కారణం వెతుక్కున్నారు. పోయిన మనిషి, ఆయన్ని ఏమీ అనుకోకు. నాలుగేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు శ్మశానం దాకా వెళ్ళాను, అక్కడ నీకోసం వెతికాను.

కాగితం మీద రాసి పంపమన్నావు, రాశాను. ఇంక నీ ఇష్టం. పంతొమ్మిదో తారీకు ఆదివారం పొద్దున్న నేను ఆ కొత్త కోర్టు దగ్గర ఉంటాను. ఇంకా గీతలు వెయ్యలేదు. నువ్వు వస్తే ఇద్దరం వేద్దాం. రాకపోయినా కమిటీతో బంతి లోపల పడిందని చెబుతాను, అది మాత్రం తప్పను. చెల్లెమ్మకి నా నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు. పైడయ్య గారికి కంటి డాక్టర్ని చూపిద్దాం, నేను తీసుకెళ్తాను, వద్దనకు.

ఎన్ని చెప్పినా నీ జోడీనే,
శ్రీరామ్మూర్తి

తా.క.: ఆదివారం పొద్దున్న. నిన్న కవరు అంటించి, తపాలా పెట్టె దాకా వెళ్ళి, తిరిగొచ్చి చింపాను.

మాష్టారి పేరు రాస్తున్నప్పుడు కలం ఆపి ఎదురుచూశాను బావా. నీ గొంతు వస్తుంది అనుకున్నాను. ఇన్నేళ్ళుగా నేను వేలెత్తిన ప్రతి చోటా వెంటపడ్డ మనిషివి, అంత అబద్ధం రాస్తుంటే ఊరుకుంటావా? రాలేదు. రాత్రంతా రాలేదు. అది వచ్చినన్నాళ్ళూ నాకు ఇంత భయం వెయ్యలేదు. ఇంక నాతో చెప్పేది ఏమీ లేదని వదిలేశావేమో అనిపించింది.

మాష్టారు ఆ మాట అనలేదు. ఆయన అడిగారు, అంతే. సామర్లకోట దగ్గర ఔటర్ సిగ్నల్ పడక బండి ఆగిపోయింది. మధ్యాహ్నం కావొస్తోంది, అందరూ కునుకుతున్నారు. మాష్టారు నా ఎదురుగా కూర్చుని, ‘నిజం సెప్పరా, బంతెక్కడ పడింది?’ అని అడిగారు. లోపల అని చెబితే నేను దొంగని. బయట అని చెబితే, మరి పోలిరాజు ఎందుకలా అన్నాడని అడుగుతారు. ఆయన అడిగారు కూడా. అప్పుడు నేను అన్నాను, ‘ఆళ్ళ మేనేజరు ఈడికేదో ఉజ్జోగం సూత్తానన్నట్టున్నాడు మాష్టారూ, బుజమ్మీద సెయ్యేసి మరీ మాటాడాడు’ అని. ఆ మేనేజరు నీ భుజమ్మీద చెయ్యి వేసి ఏమన్నాడో కూడా నేను విన్నాను. ఇట్లాంటి కుర్రాణ్ణి నా ఆటలో ఎన్నడూ చూడలేదు అన్నాడు.

మాష్టారు నమ్మలేదు. ‘తప్పురా, అలా అనకు’ అన్నారు. పై బెర్తు మీద సన్యాసిరాజు మెలకువగానే ఉన్నాడు.

ఇందులో ఒక్క అక్షరం మార్చకుండా కమిటీకి రాసి, కింద మా కంపెనీ పేరూ నా హోదా కూడా వేసి, ఇంజనీరు ఇంట్లో ఇచ్చి వచ్చాను. గౌరీశ్వరి చదివింది. కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది. ఆనక, అతనికి చేరెయ్యి, ఆలస్యం చెయ్యకు అంది.

బండి ఆగి ఉందని రాశాను కదా. ఇంజను చప్పుడు లేదు, చక్రాల చప్పుడు లేదు. నువ్వు నాలుగడుగుల దూరంలో తలుపు పట్టుకుని నిలబడ్డావు. నేను ఆ మాట అన్నాక నీ వీపు కదిలింది, అది నేను చూశాను. చూడలేదని పన్నెండేళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు విన్నావు. విని, మీ నాన్నగారితో చెప్పలేదు, సన్యాసిరాజుతో చెప్పలేదు, పైడయ్య గారితో మొన్న కూడా చెప్పలేదు. నువ్వు అడిగింది తెలియక కాదు.

మొదట అన్నది నేనే, బావా.